వేడి చేస్తుంది, వద్దక్కా

బరువులు మోసి బతికిన మనుషుల గురించి నాలుగు పేజీలు రాసి ఇమ్మని మా మోతగాళ్ల సంఘం కుర్రాళ్లు అడిగారు. నా గురించే రాసుకుంటానని అనుకుని ఉంటారు. రాసుకోవటానికి నాకేం తక్కువ లేదు. ఊళ్లో బడిలో ఐదో తరగతితో చదువు ఆగిపోయినా పంతొమ్మిదో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెబుతాను. ఇంటి సామాన్లు తరలించే కంపెనీకి మేస్త్రీగా చేశాను. మనిషి ఎత్తు ఇనప్పెట్టెను గోడకు గీత పడకుండా పై అంతస్తుకు చేర్పించాను. మోతగాళ్లకు నడుంపట్టీలు ఇచ్చి తీరాలని యజమాని ఎదుట నిలబడి అడిగి సాధించింది నేనే. తాడు లాగే పందెంలో మా జట్టుకి ఎప్పుడూ చివరి మనిషిని నేనే. వేదిక ఎక్కితే కాగితం చూడకుండా మాట్లాడతాను.

ఇవన్నీ ఊరందరికీ తెలిసినవే. ఈ పేజీలు మాత్రం మా బావమరిదికి ఇస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చెప్పుకునేది ఏమీ లేదు. తలవంపులే ఎక్కువ.

వాడు మా ఆవిడకి తమ్ముడు. పనిలో అందరూ వాణ్ణి క్రేను అంటారు. పొడగరి కాదు, లావూ కాదు. మెడ, భుజాలు, తొడలు మాత్రం ఎవరో తీరుబడిగా కూర్చుని చెక్కినట్టు ఉండేవి. పెళ్లి చేసుకోలేదు. గోదాము వెనకాల ఒక్క గదిలో ఉండేవాడు. పనిలోకి నేనే తీసుకొచ్చాను. వచ్చిన కొత్తలోనే కింద మనిషి అయ్యాడు.

కింద మనిషి అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. బీరువా మెట్లెక్కించాలంటే ఇద్దరు కావాలి. పైనున్నవాడు దారి చూసుకుంటూ వెనక్కి నడుస్తాడు. బరువంతా కిందవాడి మీద ఉంటుంది. వాడి మోకాలు వంగిందా, బీరువాతో పాటు వాడూ పోతాడు. అందుకని మెట్ల మీద మాట కిందవాడిదే. పద అంటే పదాలి, ఆగు అంటే ఆగాలి. ఒక్క మాట మాత్రం కిందవాడి నోట రాకూడదు. 'పట్టుకో' అని. ఆ మాట వచ్చిందంటే వాడి పని అయిపోయినట్టే. నా మేస్త్రీతనం మొత్తంలో ఆ మాట విన్నది చాలా తక్కువ.

ఆ రోజుల్లో వాడు మా ఇంటికి భోజనానికి వస్తే పండుగలా ఉండేది. చెయ్యి ఊపుకుంటూ ఎప్పుడూ గడప తొక్కలేదు. చేపలో, పళ్లో, ఏదో ఒకటి సంచిలో ఉండేది. కూర్చున్నాడంటే తినటం చూడటానికి రెండు కళ్లూ చాలవు.

"బావా, ఆ కూరగిన్నె ఇటు జరుపు. నీ దగ్గర ఒంటరిగా ఉంది పాపం," అనేవాడు.

"జరిపితే మళ్లీ నా మొహం చూస్తుందా అది?"

"చూడదులే. నా దగ్గరే స్థిరపడుతుంది."

మా ఆవిడ ఇద్దర్నీ కసిరి వాడికే ముందు వడ్డించేది.

అలాంటివాడికి టైఫాయిడ్ వచ్చింది. గదిలో ఒక్కడే పడుకుని, తగ్గిపోతుందిలే అనుకుంటూ ముదరబెట్టుకున్నాడు. ఆసుపత్రిలో చేర్చి, బతికించి పంపారు. మా ఆవిడ వెళ్లి వాణ్ణి మా ఇంటికి తెచ్చింది. ఆటో దిగుతుంటే నేను ఎవరో అనుకున్నాను. చొక్కా వాడు తొడుక్కున్నట్టు లేదు, కొక్కేనికి తగిలించినట్టు ఉంది. ఎండగా ఉన్నా మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. చేతులు మాకు కనబడకూడదని. చేతిలో సంచి లేదు.

వచ్చిన రోజు మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. మా అబ్బాయి, కోడలు కూడా ఉన్నారు. మా ఆవిడ కోడిగుడ్లు ఉడికించింది. వాడు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వేడి చేస్తుంది, వద్దక్కా."

ఆ మాటకి మన ఇళ్లలో ఎదురు లేదు. వద్దంటే బలవంతం చేస్తాం, కడుపు నిండిందంటే నమ్మం. వేడి చేస్తుందంటే మాత్రం గరిటె వెనక్కి తీస్తాం. జ్వరం పడి లేచిన ఒళ్లు, నిజమే కదా అనుకున్నాం. మర్నాడు చేప వద్దన్నాడు, వేడి. వేరుశనగలు వేడి. పప్పు కూడా వేడే అన్నప్పుడు నాకు కొంచెం వింతగా అనిపించింది. కానీ జబ్బు చేసిన మనిషి మాట కాదంటామా?

అప్పుడు నా తెలివి నేను చూపించాను. ఏది చలవో ఏది వేడో నా అంత తెలిసినవాడు మా వీధిలో లేడు. దోసకాయ, పుచ్చకాయ, సొరకాయ, బార్లీ నీళ్లు. సంచులకొద్దీ నేనే మోసుకొచ్చాను. వాడు వద్దనలేడు కదా, అన్నీ తిన్నాడు, తాగాడు, అన్నం మాత్రం రెండు ముద్దలతో సరిపెట్టేవాడు. తాగిందంతా పెరటి వైపు నడవటానికే సరిపోయేది.

ఒళ్లు మళ్లీ కట్టుకోవాలన్న పట్టుదల మాత్రం వాడిలో నిప్పులా ఉంది. పెరట్లో రెండు బకెట్లకి ఇసుక నింపుకుని తెల్లవారగానే ఎత్తేవాడు, దించేవాడు. గోడ పట్టుకుని గుంజీలు తీసేవాడు. చెమట కారి నేల తడిసేది. నేను కుర్చీ వేసుకుని కూర్చుని, వెన్ను నిటారుగా పెట్టు, మోకాలు కాదు తుంటి వంచు అని చెప్పేవాణ్ణి. నా చేతికింద తయారైనవాడు మళ్లీ నా చేతికిందే లేస్తున్నాడని వీధంతా చెప్పుకున్నాను.

వాడు మాత్రం లేవలేదు. ఎంత ఎత్తితే అంత తరిగాడు. లుంగీ ముడి రోజురోజుకీ లోపలికి జరిగింది. అది మా ఆవిడ కంట పడింది.

"ఏవండీ, వీడు కండ పెంచుతున్నాడా, అరగదీస్తున్నాడా?"

"ముందు కరిగి తర్వాత గట్టిపడుతుందే. నీకేం తెలుసు," అన్నాను.

నాకేం తెలుసని ఆవిడ అడగలేదు. అడగాల్సింది.

ఆ ధీమాతోనే యజమాని దగ్గరికి వెళ్లి, మావాడు తయారుగా ఉన్నాడు, ఒక్కసారి మెట్ల మీద చూడండి అన్నాను. ఆయన సరేనన్నారు. ఒక పాత మేడలోకి బీరువా చేర్చే పని ఉంది. పైనుండేవాడు గూటం. వాడికా పేరు తలని బట్టి వచ్చింది. మావాడికి జోడీగా ఎన్నో ఏళ్లు చేశాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. యజమాని వచ్చారు. పనివాళ్లు కూడా చేతిలో పని ఆపి మరీ వచ్చారు.

"ఏరా క్రేనూ, తుప్పు వదిలిందా?" అన్నాడు గూటం.

"నువ్వు పైన కునుకు తియ్యకుండా చూసుకో," అన్నాడు మావాడు. నవ్వాడు కూడా.

మొదటి మలుపు దాకా బాగానే ఎక్కారు. నేను యజమాని వైపు చూసి తల ఊపాను. రెండో మలుపులో బీరువా కొంచెం వాలింది. మావాడి తొడలు వణకటం పంచె మీద నుంచే తెలిసింది. పద అనాలి, లేకపోతే ఆగు అనాలి. రెండూ అనలేదు. తర్వాత ఆ మాట వినబడింది.

"పట్టుకో."

అరవలేదు. చెవిలో చెప్పినట్టు అన్నాడు. గూటం అక్కడికక్కడే కూలబడి, కాళ్లు గోడకి తన్నిపెట్టి బరువంతా లాగిపట్టుకున్నాడు. మిగతావాళ్లు పరిగెత్తి కింద భుజాలు పెట్టారు. మనుషులకి దెబ్బ తగల్లేదు. మేడ గోడకి మాత్రం పొడుగాటి గీత పడింది.

యజమాని కోప్పడి ఉంటే బాగుండేది. వాడి భుజం తట్టి, "ఇంకొన్నాళ్లు విశ్రాంతి తీసుకో నాయనా," అన్నారు. నాయనా అన్న మాటకి వాడు నేల వైపు చూశాడు. కింద మనిషిని ఎవరూ నాయనా అనరు. మేం ఇంటికి పెద్ద వీధిలోంచి రాలేదు. సందులు పట్టుకుని వచ్చాం. వాడు ముందు, నేను వెనక. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు. నా ఇస్త్రీ చొక్కా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు గూటం వచ్చాడు. తన భుజం పట్టేసినప్పుడు ఆసుపత్రిలో ఫిజియో అమ్మాయి దగ్గర బాగైందట. వాణ్ణి, నన్ను, మా ఆవిణ్ణి బయల్దేరదీశాడు. ఆ అమ్మాయి గదిలో ఒక బల్ల, గోడకి పెద్ద అద్దం, మూల రకరకాల బరువులు. చొక్కా విప్పమంటే మావాడు అద్దానికి వీపు పెట్టి విప్పాడు. ఆ అమ్మాయి టేపుతో చెయ్యి కొలిచింది, తొడ నొక్కి చూసింది.

"వ్యాయామం చేస్తున్నారా?"

"రోజూ, రెండు పూటలా," అన్నాను నేను.

"మిమ్మల్ని కాదు బాబాయిగారూ. సరే, ఏం తింటున్నారు?"

"బాగానే తింటున్నానండి," అన్నాడు వాడు.

మా ఆవిడ ఉండబట్టలేక దోసకాయ దగ్గర్నుంచి బార్లీ నీళ్ల దాకా మొత్తం ఏకరువు పెట్టింది. ఆ అమ్మాయి టేపు చుట్టటం ఆపేసింది.

"ఇదంతా నీళ్లేనమ్మా. ఇందులో క్యాలరీలు ఎక్కడున్నాయి?"

నాకు తెలిసిన మాట వచ్చింది కదా, నేను ఊరుకోలేదు. "క్యాలరీ అంటే వేడిని కొలిచే కొలత కదమ్మా. మా మేష్టారు చెప్పారు. నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కటానికి పట్టేది. మేం ఆ వేడి తగ్గించాలనే చూస్తున్నాం."

గూటం తల గట్టిగా ఊపాడు. ఆ అమ్మాయికి నవ్వు వచ్చి ఉండాలి, పెదవి బిగబట్టింది.

"మీ మేష్టారు చెప్పింది నిజమే. అది పొయ్యిలో వేడి లాంటిది. మీరు పొయ్యి ఆర్పేసి, అన్నం ఉడకలేదేంటని మూత తీసి చూస్తున్నారు." తర్వాత నన్ను అడిగింది. "మీరు మేస్త్రీగా చేశారట కదా. ఇల్లు కట్టే మేస్త్రీ సంగతి అనుకోండి. బరువు ఎత్తటం అంటే, ఇక్కడ గోడ లేపు అని ఒంటికి చెప్పటం. అంతే. గోడకి ఇటుకలు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, చేపలో, పాలలో ఉన్నాయి. పనివాళ్లకి కూలి కావాలి. అది అన్నంలో, దుంపల్లో, నూనెలో ఉంది. మీరు గోడ లేపు, లేపు అని రోజూ రెండు పూటలా అరుస్తున్నారు. ఇటుక లేదు, కూలి లేదు. పనివాళ్లు ఏం చేస్తారు?"

"పని మానేస్తారు," అన్నాను.

"ఇక్కడ మానరు. ఉన్న గోడలోంచే ఇటుకలు పీకి పొయ్యిలో పెట్టుకుంటారు. ఈయన ఒళ్లు అదే చేస్తోంది. తిండి లేక, కండని కట్టెల్లా కాల్చుకుంటోంది."

ఆ అమ్మాయి ఇంకా చెప్పింది. మామూలుగా తినేదానికంటే ఎక్కువే తినాలట. ఒక్క పూటే కుక్కుకుంటే లాభం లేదు, ప్రతి పూటా కొంత పప్పో గుడ్డో చేపో ఉండాలి. బరువులు రోజు విడిచి రోజు చాలు. కండ ఎత్తేటప్పుడు కట్టుకోదు, తిని నిద్రపోయేటప్పుడు కట్టుకుంటుంది. నిదానంగా వస్తుంది, తొందరపెడితే రాదు. మావాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నిటికీ సరేనండి, సరేనండి అన్నాడు.

ఇక నాకు పట్టపగ్గాలు లేవు. తప్పు తెలిసింది, దిద్దుకోవటమే మిగిలింది అనుకున్నాను. ఇంటికి రాగానే మా ఆవిడ పప్పు, గుడ్లు, చేప, చిలగడదుంపలు, అన్నీ వండి పెట్టింది. అందరం కూర్చున్నాం. కోడలు ముందుగా వాడికే వడ్డించబోయింది. వాడి చెయ్యి అలవాటుగా కంచం మీదికి వెళ్లింది.

"వేడి..." అన్నాడు.

"వేడి కావాలనే కదరా చెప్పిందా అమ్మాయి. పొయ్యి వెలిగించమంది," అన్నాను. మా అబ్బాయి నవ్వాడు.

వాడు చెయ్యి తియ్యలేదు. చెవులు ఎర్రబడ్డాయి. చెప్పటానికి మరో మాట వాడి దగ్గర లేదు. అది నాకు కనబడింది. చిన్నపిల్లాడు దాక్కున్న తలుపు ఎవరో తీసేసినట్టు ఉన్నాడు.

"ఏంట్రా?" అంది మా ఆవిడ.

"తినలేనక్కా."

"అరగట్లేదా?"

"అరుగుతుంది."

"మరి?"

"సిగ్గేస్తోంది."

అంతే అన్నాడు. కోడలు గరిటె గిన్నెలో పెట్టేసింది. తర్వాత వాడే మొదలుపెట్టాడు. కంచంతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"వచ్చిన రోజు గుడ్లు మీ అందరికీ సరిగ్గా సరిపోయాయి. నన్ను ఆసుపత్రి నుంచి తెచ్చే హడావుడిలో అక్క ఎప్పటి లెక్కే ఉడికించింది. కోడలు తన కంచంలోది తీసి నా కంచంలో వెయ్యబోయింది. పొద్దుట్నుంచీ నిలబడి పని చేసి వచ్చిన పిల్ల. నేను పడుకుని లేచినవాణ్ణి. ఏం చెప్పాలో తోచక వేడి అన్నాను. ఒకసారి అన్నాక ఇంక అదే అనాల్సొచ్చింది. చేప వేడంటే పప్పు కూడా వేడనాలి కదా. బావేమో పుచ్చకాయలు తెచ్చాడు. తను మోసుకొస్తుంటే అబద్ధమని ఎలా చెప్పను?"

"అక్క దగ్గర సిగ్గేంట్రా," అంది మా ఆవిడ. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నీ దగ్గర కాదక్కా. మోసి వచ్చి తిన్నప్పుడు ఎంత తిన్నా తెలిసేది కాదు. ఇప్పుడు ముద్ద కలుపుతుంటే నా చెయ్యి నాకే కనబడుతోంది. ఈ చేతికి ఇంత తిండా అనిపిస్తుంది."

కోడలు మెల్లగా అంది, "నాకు ఆ రోజు గుడ్డు తినాలనిపించక వేశాను మావయ్యా. అంతే."

అది నిజమో, వాడి కోసం అందో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. మా ఇంట్లో ఎవరూ ఆకలితో లేవరని సంఘం గదిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. నా పక్కనే కూర్చుని ఒక మనిషి నెలల తరబడి అర్ధాకలితో లేచాడు. నేను చలవ చేస్తుందని వాడికి సొరకాయ వడ్డించాను. నాకు మాట దొరకకపోవటం మా ఇంట్లో వాళ్లు ఎప్పుడూ చూడలేదు, అందరూ నా వైపే చూశారు.

చివరికి నా కంచంలో చేపముక్క తీసి వాడి కంచంలో పెట్టాను. వెంటనే అది కూడా తప్పేనని తోచింది. వెనక్కి తీసుకుందామా అంటే అదీ బాగుండదు. ముక్క మీద వేలు పెట్టి అలా ఉండిపోయాను.

"బావా," అన్నాడు వాడు, "పెడుతున్నావా, తీసుకుంటున్నావా? చేపకి తెలియాలిగా."

మా ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. వాడు తిన్నాడు. తల ఎత్తకుండా, మెల్లగా, ఒక్కో ముద్దనీ ఎవరి దగ్గరో అడిగి తీసుకుంటున్నట్టు తిన్నాడు. చివరిదాకా చెవులు ఎర్రగానే ఉన్నాయి.

మర్నాటి నుంచి మా ఆవిడ పద్ధతి మార్చింది. ఎవరినీ ఇంకొంచెం, ఇంకొంచెం అనటం మానేసింది. గిన్నెలు మధ్యలో పెట్టేది, ఎవరికి కావలసింది వాళ్లు వేసుకునేవాళ్లం. వాడి వైపు ఎవరూ చూసేవాళ్లు కాదు. చూడకుండా ఉండటం నాకు చాలా కష్టమైన పని. నేను కూరలో వేపాకు ఉందా కరివేపాకు ఉందా అన్నట్టు నా కంచమే చూసుకునేవాణ్ణి. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చోవటం కూడా మానేశాను. వాడు రోజు విడిచి రోజు బకెట్లు ఎత్తి, మిగతా రోజుల్లో పడుకునేవాడు. పట్టపగలు పడుకోవటానికి మొదట్లో తలుపు వేసుకునేవాడు, తర్వాత తెరిచే ఉంచాడు. లుంగీ ముడి లోపలికి జరగటం ఆగింది. ఆ తర్వాత చాలా నిదానంగా బయటికి రావటం మొదలైంది. ఒకరోజు చేతులు మడిచిన చొక్కాతో వీధిలోకి వెళ్లాడు. అది మా ఆవిడ నాకు చెప్పింది. నేను చూడలేదు.

తర్వాత యజమాని కబురు పంపారు. ఈసారి నన్ను రమ్మని వాడు అనలేదు, నేనూ అడగలేదు. సంఘం పని మీద గోదాముకి వెళ్లినప్పుడు అనుకోకుండా చూశాను. వాడు, గూటం, మిగతావాళ్లు భోజనాలు చేస్తున్నారు. వాడి ముందు గిన్నెల మీద గిన్నె పెట్టిన పెద్ద క్యారేజీ ఉంది.

"ఎంతమందికిరా అది?" అంటున్నాడు గూటం.

"నాకే."

"ఒక్కడికే?"

"ఒక్కడికే. పోనీ నీకు మూత ఇస్తాను, నాక్కో."

అందరూ నవ్వారు. వాడు మూతలన్నీ తీసి వరసగా పెట్టాడు. ఏదీ చేత్తో కప్పలేదు. అప్పుడే యజమాని వచ్చారు.

"క్రేనూ, రేపు బీరువా ఉంది. కింద ఉంటావా?"

ఉంటానంటాడని అనుకున్నాను. నేనైతే అనేవాణ్ణి. ఈ వయసులో అడిగినా అనేవాణ్ణి.

వాడు నోట్లో ముద్ద మింగాడు. అందరూ వింటున్నారు. చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

"ఇంకా లేదు సార్," అన్నాడు. "పైన ఉంటాను. కింద ఉండాలంటే ఇంకొన్నాళ్లు తినాలి."

యజమాని సరేనని వెళ్లిపోయారు. గూటం తన డబ్బాలోంచి ఉడికించిన దుంపలు తీసి, ఏమీ అనకుండా వాడి గిన్నెలో వేశాడు. వాడు వద్దనలేదు. తల వంచుకుని వాటిని కలుపుకున్నాడు.